తోడుగా ఎవరొచ్చారు?

ఆ రోజు పొద్దున సోఫాల మేస్త్రి ఇంట్లో పొయ్యి వెలగలేదు. మేస్త్రికి పరగడుపున ఎండోస్కోపీ ఉంది. నోట్లోంచి సన్నటి గొట్టం వేసి కడుపు లోపల చూసే పరీక్ష. ఆయన తాగకూడని టీ ఆయన ఎదుట తాము తాగడం ఏం మర్యాదని భార్యా, ముందురోజే పుట్టింటికి వచ్చిన కూతురూ కూడా మానుకున్నారు. అయినా ఆయన మనసు టీ మీంచి కదల్లేదు. వంటింట్లోకి ఒకసారి, వరండాలోకి ఒకసారి కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి భార్య దగ్గర ఆగాడు.

“ఒక్క గుక్క టీ. పాలు కూడా వద్దు. గుక్కెడు టీకి కొంపలేం మునుగుతాయి?”

ఆవిడ ఆయన కోసం ఒక వదులు చొక్కా వెతుకుతోంది. తల తిప్పకుండానే జవాబు చెప్పింది.

“కడుపు ఖాళీగా ఉండాలండీ. ఏమైనా ఉంటే డాక్టరుగారికి లోపల సరిగ్గా కనబడదు. అదే పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. రాత్రి తిన్న భోజనమే ఆఖరు. మంచినీళ్ళు కూడా ఇక చాలించండి.”

అంతటితో ఆగలేదు ఆవిడ. నడుంనొప్పికి ఆయన వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి, దేన్నీ దాచకుండా డాక్టరుగారికి చూపించాలని కూతురికి అప్పగించింది. రక్తం పలచబడే మందులు, షుగరు మందులు వాడేవాళ్ళయితే ముందే చెప్పాలట, ఆయనకి అవేవీ లేవని కూడా తనే చెప్పింది. పై పలువరసలో పెట్టుడు పళ్ళ ప్లేటు అక్కడ తీసేయాలని, దానికో చిన్న డబ్బా పెట్టింది. ఆయన ఆ ఏర్పాట్లన్నీ చూస్తూ, ఇవన్నీ నీకెలా తెలుసే అని అడిగాడు.

“నాకు చేశారుగా” అంది ఆవిడ, చొక్కా దులుపుతూ.

నిజమే, చేశారు. రెండేళ్ళయింది. మేస్త్రికి ఆ సంగతి బాగా గుర్తే, ఎందుకంటే ఆయనకి అదో చెప్పుకునే కబురు. “మా ఆవిడ పొద్దున వెళ్ళి కడుపులో గొట్టం వేయించుకుని, బస్సెక్కి ఇంటికొచ్చి, మధ్యాహ్నానికల్లా మిషన్ మీద కూర్చుంది” అని షాపుకి వచ్చినవాళ్ళతో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. జ్వరమొచ్చిందని మూలిగే వాళ్ళకి, పంటినొప్పని పని మానేసే వాళ్ళకి ఆ కబురు మందులా వాడేవాడు. తీరా ఆ గొట్టం తన గొంతు దాకా వచ్చేసరికి, వారం రోజులుగా ఇల్లంతా తలకిందులు చేశాడు. కూతురు తను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టింది. అల్లుడు తన పని మానుకుని కారు తెచ్చాడు.

మేస్త్రి షాపు ఇంటి ముందు గదిలోనే. కుంగిపోయిన సోఫాలకి కొత్త స్ప్రింగులు, నలిగిన కుర్చీలకి కొత్త స్పాంజి, చిరిగిన రెక్సిను తీసి కొత్త బట్ట వేయడం ఆయన పని. వెనక గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని ముందు భార్య. ఆయన కొలిచి కత్తిరిస్తాడు, ఆవిడ కుట్టి ఇస్తుంది, మళ్ళీ ఆయన దాన్ని బిగలాగి మేకులు కొడతాడు. ముప్పై ఏళ్ళుగా ఆ రెండు గదుల మధ్య నడిచిన మాటల్లో సగానికి సగం కొలతలే. వంగి వంగి పనిచేసే నడుముకి మాత్రలు, ఆ మాత్రలు పెట్టే మంటకి మందుసీసాలు, ఇలా నెట్టుకొస్తూ ఈమధ్య నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందని పళ్ళెం తోసేయడం మొదలుపెట్టాడు. చొక్కాలు వదులయ్యాయి. అది చూసి కూతురు పట్టుబట్టి డాక్టరు దగ్గరికి లాక్కెళితే, లోపల చూడాల్సిందేనన్నారు ఆయన.

ఆసుపత్రిలో పరీక్ష గది పక్కనున్న చిన్న గదిలోకి మేస్త్రిని ఒక్కణ్ణే పిలిచారు. భార్య ఆయన వాచీ, పళ్ళ డబ్బా అందుకుని బయట కూర్చుంది. ఒక నర్సు ఆయన బీపీ చూసి, చేతికి సూది గుచ్చి ప్లాస్టరు వేస్తూ, తోడుగా ఎవరొచ్చారని అడిగింది.

“మా ఆవిడ, మా అమ్మాయి, అల్లుడు. ఊరేగింపుకి బయల్దేరినట్టు బయల్దేరాం” అన్నాడు మేస్త్రి. బోసినోటితో మాట సరిగ్గా పలకలేదు. గుండె దడ మాటల్లో దాచుకోవడం ఆయనకి అలవాటు.

నర్సు నవ్వి, అది మంచిదేనంది. మగత ఇంజెక్షన్ ఇచ్చాక మనిషి తేరుకున్నట్టే కనిపిస్తాడు కానీ తేరుకోడట. ఇంటికి తీసుకెళ్ళి మర్నాటి దాకా కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోతే ఆ ఇంజెక్షనే ఇవ్వరట.

“మా ఆవిడ గట్టిది లెండి. ఇక్కడికే ఒక్కతీ వచ్చి చేయించుకుని, ఒక్కతీ బస్సెక్కి వెళ్ళింది” అన్నాడు మేస్త్రి, నోటికి అలవాటైన కబురు.

“ఒక్కరే వచ్చారా? అయితే ఇంజెక్షన్ ఇచ్చి ఉండరండీ. గొంతు మొద్దుబారడానికి మందు కొట్టి, మెలకువగా ఉండగానే చేసి ఉంటారు.”

“అంటే, అంతా తెలుస్తూనే?”

“తెలుస్తుంది. చాలామంది అలాగే చేయించుకుంటారు, మెలకువే కావాలని అడిగేవాళ్ళూ ఉన్నారు. తట్టుకోలేనిదేం కాదు. కాకపోతే బయట మనవాళ్ళు ఒకరున్నారంటే ఆ ధైర్యం వేరు” అని నర్సు ఆయన్ని పరీక్ష గదిలోకి నడిపించింది.

ఆ తర్వాత సంగతులు ఆయనకి ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. గొంతులో కొట్టిన మందు చేదుగా ఉంది. కాసేపటికి నాలుక తనది కానట్టు లావెక్కింది. ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు. నోరు మూతపడకుండా ప్లాస్టిక్ కట్టు పెట్టి, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చమన్నారు, నోట్లో ఊరేది మింగకుండా వదిలేయమన్నారు. ఆవిడ కూడా ఇదే మంచం మీద ఇలాగే పడుకుని ఉంటుందనుకున్నాడు. ఆ తర్వాత ఏమనుకోవాలో తెలిసేలోపే కళ్ళు మూతపడ్డాయి.

కళ్ళు తెరిచేసరికి పక్క గదిలో ఉన్నాడు. భార్య కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది. డాక్టరు వచ్చి ఏదో చెప్పారు, ఆయన బుద్ధిగా తల ఊపాడు. కారెక్కాక, డాక్టరు ఇంకా రాలేదేమని అడిగాడు. కూతురు నవ్వాపుకుంటూ, ఆ మాట ఇది మూడోసారి నాన్నా అంది. అందుకేనట, తోడు వచ్చినవాళ్ళు వినాలనేది. కడుపు లోపల ఒకచోట పుండులా ఉందట. అక్కణ్ణుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారట. జవాబు రావడానికి పదిరోజులు పడుతుంది. గొంతు మొద్దు వదిలేదాకా మంచినీళ్ళు కూడా తాగకూడదు. మర్నాటి దాకా బండి నడపకూడదు, మిషన్లు ముట్టుకోకూడదు, సంతకాలు పెట్టకూడదు. గొంతు కాస్త మండుతుంది, కడుపు ఉబ్బరంగా ఉంటుంది, వాటికి భయం లేదు. నల్లగా విరేచనమైనా, రక్తం కక్కినా, కడుపులోనో గుండెల్లోనో విపరీతమైన నొప్పొచ్చినా, జ్వరమొచ్చినా మాత్రం వెంటనే తీసుకురావాలి.

ఆ పూటంతా ఆయన్ని పసిపిల్లాణ్ణి చూసినట్టు చూశారు. కూతురు షాపు తాళాలు తన దగ్గరే పెట్టుకుంది. మిషన్ మీద చెయ్యి వేయకూడదన్న మాట దగ్గర మేస్త్రి మనసు ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టు ఆగింది. కానీ మగతలో ఆ ముల్లేమిటో దొరకలేదు.

మర్నాడు దొరికింది. స్పాంజి కోస్తుంటే వెనక గదిలోంచి మిషను చప్పుడు వినిపించి, ఆయన చేతిలో కత్తి ఆగిపోయింది. మధ్యాహ్నానికల్లా మిషన్ మీద కూర్చుందని తను ఊరంతా చెప్పుకున్నది ఆవిడ గట్టితనం కాదు. మత్తిచ్చి ఉంటే ఆ పూట ఆవిడ మిషన్ ముట్టుకోకూడదు. తోడు లేదు కాబట్టి మత్తు లేదు. మత్తు లేదు కాబట్టి మిషన్ మీద కూర్చోగలిగింది. ఆ తోడుగా ఎవరు వెళ్ళాలో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు.

తెలిసింది కానీ అడగలేకపోయాడు. తప్పు చేసిన మనిషికి నోరు పెగలనప్పుడు కోపమొస్తుందంటారు. పైగా ముక్క పరీక్షకి వెళ్ళిందన్న బెంగ ఒకటి. రాత్రి నిద్ర లేదు, పగలు పని లేదు. ఫోను మోగితే ఉలికిపాటు. అదేదో పెద్ద జబ్బే అయితే ఇంతేనా, ఈ షాపు ఇంతేనా అని తనలో తనే ఉడికిపోయాడు. ఇల్లంతా తనతో కలిసి ఉడకాలని ఆయన కోరిక. భార్య మాత్రం వేళకి మెత్తగా వండి పెట్టడం, వేళకి మందివ్వడం, మిగతావేళ కుట్టుకోవడం. ఆవిడ ముఖంలో ఏ మార్పూ కనబడలేదు.

ఆ ఆదివారం కూతురు రెండేళ్ళ పాపని చంకనేసుకుని చూడ్డానికి వచ్చింది. సాయంత్రం అందరూ వెనక గదిలో కూర్చున్నారు. భార్య ఒక దిండు గలీబు అంచు మడుస్తోంది. మేస్త్రి ఉన్నట్టుండి విసురుగా అన్నాడు.

“ఇక్కడ మనిషి పోతాడో ఉంటాడో తెలియక చస్తుంటే, మీ అమ్మకి ఆ దిండు అంచు ఎక్కువైపోయింది చూడు. చీమ కుట్టినట్టయినా లేదు.”

“అదేం మాట నాన్నా” అంది కూతురు.

ఆవిడ మిషన్ ఆపింది. దారం తెంపి, గలీబు మడిచి పక్కన పెట్టింది. ఆవిడ గొంతు పెంచలేదు.

“ముక్క తీస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసండీ. నాకూ తీశారు.”

ముక్క తీయడమేమిటి, ఎప్పుడు అని కూతురు అడిగింది. నువ్వు దీన్ని కని పట్టుమని పదిరోజులు కాలేదప్పుడు, నీకేం చెప్పను అంది ఆవిడ. అడగ్గా అడగ్గా, ఒక్కొక్కటే చెప్పింది.

ఆ పరీక్షకి ముందురోజు ఆవిడ మేస్త్రిని రమ్మని అడిగింది. ఒక హోటలు వాళ్ళ కుర్చీలు రెండు మూడు రోజుల్లో అప్పగించాలి. “పరీక్ష నీకు, మధ్యలో నేనెందుకు? జంటగా వెళ్ళడానికి అదేమైనా పెళ్ళా?” అన్నాడు ఆయన. ఆవిడ కూడా నవ్వింది అప్పుడు. ఆసుపత్రిలో తోడు ఎవరొచ్చారని అడిగితే, ఎవరూ లేరని చెప్పింది. పోనీ ఇంకో రోజు ఎవరినైనా వెంటబెట్టుకుని రండి, మగతలో తెలియకుండా అయిపోతుంది అన్నారు. ఇంకో రోజు మాత్రం ఎవరొస్తారు అనుకుని, మెలకువగానే చేసేయమంది.

“నొప్పేం లేదు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఆడదేమోనని మనకి భయం, అంతే. డోకొస్తుంది, కళ్ళమ్మట నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. పది నిమిషాల్లో అయిపోయింది” అంది ఆవిడ. “నేను డాక్టరుగారి వైపు తిరిగి ఉన్నాను. వెనకనుంచి ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. నర్సే అయ్యుంటుంది. ముఖం కనబడలేదు. కళ్ళు మూసుకుని, అది మీ చెయ్యే అనుకున్నాను.”

మేస్త్రి తన చేతుల వంక చూసుకున్నాడు. మేకులు కొట్టి కొట్టి గోళ్ళు నల్లబడ్డ చేతులు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు.

పుండు కనబడిందనీ, ముక్క తీశామనీ, జవాబు వచ్చేదాకా కంగారు పడొద్దనీ చెప్పి పంపారట. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ చెబుదామనే మొదలుపెట్టింది. ఏమండీ, నాకు, అని అంతవరకే అంది. ఆయన ధ్యాస హోటలు కుర్చీల మీదుంది. “ఆ, దారం అయిపోయిందా? రేపు తెస్తాలే” అన్నాడు.

“మర్నాడు నిజంగానే పెట్టెడు దారం తెచ్చారు” అంది ఆవిడ. నవ్వబోయింది కానీ నవ్వు నిలవలేదు. “ఇంక చెప్పాలనిపించలేదు. ఒకవేళ నాకేమైనా అయితే, మీరు మళ్ళీ కుట్టేవాళ్ళ కోసం ఎక్కడ వెతుక్కుంటారని, ఒప్పుకున్న పనంతా కుట్టి పడేశాను.”

ఆ వారం మేస్త్రికి గుర్తుంది. ఎలా మరిచిపోతాడు? నెల పని వారంలో అయిపోయింది. ఎప్పుడు చూసినా మిషన్ చప్పుడే. కుట్టిన కవర్లు గుట్టలు గుట్టలుగా ముందు గదిలోకి వచ్చిపడుతుంటే, ఆయన అంత సంబరంగా ఎన్నడూ లేడు. ఎదురు షాపు ఇనుపసామాను ఆయనతో, మా ఆవిడకి ఏదో పూనకం వచ్చిందండోయ్ అని చెప్పి ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ పూనకం పేరు ఆయనకి ఇప్పుడు తెలిసింది. ఈ నాలుగు రోజులు పరుపు మీద దొర్లుతూ తను పడింది అదే.

జవాబు మంచిదే వచ్చిందట. మామూలు పుండేనని మందులిచ్చారు. రెండు నెలలయ్యాక మళ్ళీ రమ్మన్నారు. పుండు మానిందో లేదో ఇంకోసారి గొట్టం వేసి చూడాలి, అది తప్పనిసరి అని గట్టిగా చెప్పారు.

“మళ్ళీ ఎప్పుడు చూశారు?” అన్నాడు మేస్త్రి. ఆ సాయంత్రం ఆయన గొంతులోంచి వచ్చిన మొదటి మెత్తటి మాట అది.

“వెళ్ళలేదు.”

“రెండేళ్ళయిందమ్మా” అంది కూతురు. “అంత భయమేస్తే నాకు ఒక్క మాట చెప్పొద్దూ? ఆ గొట్టం అంటే నీకు…”

“గొట్టం కాదే. అది మింగెయ్యొచ్చు” అంది ఆవిడ. “మళ్ళీ అదే అడుగుతారు కదా. తోడుగా ఎవరొచ్చారని.”

కూతురు తండ్రి వైపు తిరిగింది. ఆయన లేచి ముందు గదిలోకి వెళ్ళాడు. సగం విప్పిన సోఫా ఒకటి స్ప్రింగులు బయటపెట్టుకుని పడి ఉంది. దాని చెక్క అంచు మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. క్షమించమని అడగడానికి ఆయనకి మాట దొరకలేదు. ముప్పై ఏళ్ళలో ఆ గోడ అవతలికి కొలతలు తప్ప ఏమీ పంపని మనిషికి ఆ ఒక్క మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? చీకటి పడ్డాక ఆవిడే వచ్చి, భోజనానికి లేవండి అంది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. “ఆ రోజు షాపు మూయాల్సింది” అన్నాడు. ఆవిడ చెయ్యి విడిపించుకోలేదు. అయిపోయిందేదో అయిపోయింది అని ఆవిడ అంటుందని ఆయన ఎదురుచూశాడు. ఆవిడ అనలేదు. అది తనకి రావాల్సిన శిక్షేననుకున్నాడు.

తెల్లవారి మేస్త్రి తనే ఆసుపత్రికి ఫోన్ చేశాడు. అవతల అమ్మాయి భార్య వయసు అడిగింది, చెప్పాడు. ఏ మందులు వాడుతున్నారని అడిగింది. ఆయనకి తెలియదు. ఏ మందైనా పడదా, ఇంతకుముందు ఆపరేషన్లేమైనా అయ్యాయా, కదిలే పళ్ళున్నాయా అంటే, కనుక్కుని చెబుతానమ్మా అంటూ తడబడ్డాడు. ఎవరింటి సోఫాకి ఏ రంగు రెక్సిను వేశాడో పదేళ్ళ తర్వాత అడిగినా చెప్పగలడు. ఆవిడ రాత్రిపూట వేసుకునే తెల్ల మాత్ర దేనికో చెప్పలేకపోయాడు. ఫోను చేత్తో మూసుకుని వెనక గదిలోకి వెళ్ళి, ఒక్కొక్కటీ ఆవిణ్ణే అడిగి చెప్పాడు. ఆవిడ మొదట ఇప్పుడెందుకంది, తర్వాత చూద్దామంది, చివరికి చెప్పింది. ఆఖరున ఫోనులో అమ్మాయి, తోడు ఎవరైనా వస్తారా అని అడిగింది. “నేనొస్తాను” అన్నాడు మేస్త్రి. కిటికీ పక్కన మిషన్ ముందు కూర్చున్న మనిషికి ఆ మాట వినిపించిందో లేదో ఆయనకి తెలియలేదు. ఆవిడ తల ఎత్తలేదు.

ఆయన ముక్క పరీక్ష జవాబు ఆ మధ్యలోనే వచ్చింది. పెద్ద జబ్బు కాదు. నడుంనొప్పి మాత్రలు ఎడాపెడా మింగడం వల్ల అయిన పుండు. ఆ మాత్రలు మానేయాలి, మందులు వాడాలి, రెండు నెలల తర్వాత మళ్ళీ చూపించుకోవాలి. కూతురు ఫోనులోనే ఏడ్చేసింది. మేస్త్రి గుండెల మీంచి బరువు దిగింది కానీ, దాని అడుగున ఇంకో బరువుంది. తన పుండుకి పదిమంది కంగారుపడ్డారు. ఆవిడ పుండు మానిందో లేదో రెండేళ్ళుగా ఎవరికీ తెలియదు.

ఆవిడ పరీక్ష రోజు మేస్త్రి షాపు తలుపులు తెరవలేదు. ఒక దంపతులు పాత కుర్చీలు వ్యానులో వేసుకుని వచ్చి తలుపు కొడితే, బయటికి వచ్చి, ఇవాళ పని లేదు, రేపు రమ్మని పంపేశాడు. ఆవిడ తాగని టీ ఆయనా తాగలేదు. ఆసుపత్రిలో నర్సు ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆవిడ పక్కకి తిరిగి చూసింది. ఆయన అక్కడే, ఆవిడ కళ్ళజోడు, వాచీ రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. “మా ఆయన” అంది.

తలుపు మూసుకుంది. పది నిమిషాల పరీక్షేనని ఆయనకి తెలుసు. అయినా ఆ కుర్చీలో కూర్చుంటే, తను లోపల పడుకున్నప్పటి కంటే ఎక్కువ భయమేసింది. పక్క కుర్చీ స్పాంజి ఒకవైపు దిగిపోయి ఉంది. మరొకప్పుడైతే వేలితో నొక్కి చూసి, ఎవడు చేశాడ్రా ఈ పని అని అనుకునేవాడు. రెండేళ్ళ క్రితం ఈ కుర్చీల్లోనే ఎక్కడో ఒకదాంట్లో ఆవిడ ఒక్కతీ కూర్చుని, పేరు పిలిస్తే ఒక్కతీ లేచి వెళ్ళి ఉంటుంది. గొంతు మండుతుండగా బస్సులో నిలబడి వచ్చి ఉంటుంది. ఇంటికి రాగానే తను ఏమన్నాడో కూడా గుర్తొచ్చింది. వచ్చేశావా, ఆ పొడుగు సోఫా కవరు ముందు అందుకో, అన్నాడు.

“తోడుగా వచ్చినవాళ్ళు ఎవరండీ?” అని తలుపు దగ్గర నర్సు పిలిచింది. మేస్త్రి లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి జరిగి గోడకి కొట్టుకుంది.

పుండు ఎప్పుడో మానిపోయిందని డాక్టరు చెప్పారు. మచ్చ మాత్రం మిగిలింది. అనుమానం ఏమీ లేదు, అయినా నిశ్చింత కోసం చిన్న ముక్క తీశాను, మానిన పుండే కాబట్టి సరిపోయింది కానీ ఇన్నాళ్ళు ఆగకూడదు అన్నారు. మేస్త్రి ప్రతి మాటా వింటూ, తనలో తను మళ్ళీ చెప్పుకుంటూ, మరిచిపోకుండా దాచుకున్నాడు. ఇవాళ విని గుర్తుపెట్టుకోవలసిన మనిషి తనే.

ఆవిడ కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. జుట్టు చెదిరి, దుప్పటి మెడ దాకా కప్పుకుని, ఇరవై ఏళ్ళు చిన్నదానిలా కనబడింది. ఆయన కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుని, దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి ఆవిడ చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

“షాపు ఎవరు చూస్తున్నారు?” అంది ఆవిడ, మాటలు ముద్దముద్దగా.

“మూసేశాను. నీతోనే ఉన్నాను.”

ఆవిడ ఊఁ అని కళ్ళు మూసుకుంది. కాసేపటికి మళ్ళీ తెరిచింది. పక్కనున్నది ఎవరో అప్పుడే చూసినట్టు చూసింది.

“మీరొచ్చారా? మరి షాపు?”

“మూసేసి వచ్చానే.”

అటుగా వెళ్తున్న నర్సు, ఆ మందు అంతేనండీ, అడిగిందే అడుగుతారు, ఇంటికెళ్ళాక ఇదేం గుర్తుండదు అంది. మేస్త్రి తల ఊపాడు. గుర్తుండకపోతేనేం అనుకున్నాడు. రెండేళ్ళ కిందటి ఆ రోజు మాత్రం ఆవిడకి ఎప్పటికీ గుర్తుంటుంది, దాన్ని చెరిపే మందు ఎక్కడా లేదు.

“ఏమండీ,” అంది ఆవిడ మళ్ళీ, కళ్ళు తెరవకుండానే. “షాపు ఎవరు చూస్తున్నారు?”

ఆయన మంచం మీదికి వంగి, ఇంతకుముందు ఆ ప్రశ్న ఎవరూ అడగనట్టు, నిదానంగా చెప్పాడు.

“మూసేశాను. నీతోనే వచ్చాను.”